వంతు తలుపు

మా అత్త గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది. ఆ కోపం చల్లారేలోపు కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అవి ఎవరి కంటైనా పడతాయేమోనని మళ్లీ కోపం వస్తుంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరడిగినా తప్పించుకున్నాను. కానీ ఊళ్లో తలా ఒక కథ అల్లి చెబుతున్నారు గనక ఇక ఊరుకునేది లేదు. ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నదాన్ని, రోజూ ఆమె పెట్టిన టీ తాగుతూ ఆమెతోనే నోరు నొప్పెట్టేలా పోట్లాడినదాన్ని నేను. నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

ఆమెను ఊరంతా తాళాలమ్మ అనేవారు. ఆమె చేసిన ఉద్యోగం అలాంటిది. మా ఊరి చివర నది ఉంది. నదికి ఇవతల మేము, అవతల ఇంకో దేశం. మధ్యలో రెండు దేశాలూ కలిసి కట్టుకున్న ఆనకట్ట, దాని మీద నడిచే దారి, ఆ దారి మధ్యలో మనిషెత్తు ఇనుప చక్రం. చక్రం తిప్పితే కింద నీళ్లలో ఉన్న పెద్ద ఇనుప తలుపు పక్కకు జరుగుతుంది. ఇటు జరిగితే నీళ్లు వాళ్ల కాలువలోకి, అటు జరిగితే మా కాలువలోకి పోతాయి. నది నిండుగా ఉన్నప్పుడు తలుపు ఎటున్నా ఎవరికీ పట్టదు, నీళ్లు పైనుంచి పొర్లి అందరికీ సరిపోతాయి. ఎండలు ముదిరి నది సన్నబడితే మాత్రం ఒక వారం మాకు, ఒక వారం వాళ్లకు. అందుకే దాన్ని వంతు తలుపు అంటారు.

ఆ చక్రానికి గొలుసు, గొలుసుకు రెండు తాళాలు. నీలం రంగు పూసింది మా దేశానిది, ఎర్ర రంగుది వాళ్లది. రెండూ తీస్తేనే గొలుసు ఊడుతుంది. అవతలివాళ్ల తాళం మీద ఇంకొకళ్లు సుత్తి వేస్తే ఒప్పందం చిరిగిపోయినట్టేనని పెద్దలు రాసుకున్నారు. మా వైపు తాళంచెవి మొదట మా మామగారి దగ్గర ఉండేది. ఆయన జబ్బుచేసి పోయాక ఆ ఉద్యోగం అత్తకు ఇచ్చారు. అప్పటికి మా ఆయన చంకలో పిల్లాడు. అవతలి వైపు తాళంచెవి ఒక పెద్దాయనది. అత్త ఆయన్ను అన్నయ్యా అనేది, ఆయన ఈమెను చెల్లమ్మా అనేవాడు.

వంతు మారే పొద్దున అత్త వేషం చూడాలి. ఆఫీసువాళ్లు ఎప్పుడో ఇచ్చిన ఖాకీ కోటు, దానికి సంచీ అంత జేబులు. ఒక జేబులో తాళంచెవి, ఇంకో జేబులో నూనె సీసా, చేతిలో టీ ఫ్లాస్కు. ఇద్దరూ చక్రం తిప్పి, తాళాలు నొక్కేసి, ఆనకట్ట గోడ మీద కూర్చుని టీ తాగేవాళ్లు. ఆయన మోకాళ్ల సంగతులు చెబితే ఈమె నా సంగతులు చెప్పేది. మా కోడలు పనిమంతురాలే గానీ నోరు మాత్రం దేవుడా, అని. నా మీద చాడీలు సరిహద్దులు దాటిపోయాయన్నమాట! నేనెప్పుడూ ఆ తతంగం చూడ్డానికి వెళ్లలేదు. ఇద్దరు ముసలాళ్లు చక్రం తిప్పడంలో చూడ్డానికేముంటుంది?

నాకు తీరిక కూడా ఉండేది కాదు. మా ఇంటి ముందు గదిలో నాది లాండ్రీ. రెండు మిషన్లు, ఒక పెద్ద ఇస్త్రీ బల్ల, వెనక కాలువలోంచి నీళ్లు తోడుకునే సిమెంటు తొట్టి. మా ఆయన లారీ డ్రైవరు, ఇంటికొస్తే చుట్టమే. ఇల్లు నడిచేది నా తొట్టిలో నీళ్ల మీద. కాలువ పారే వారం రాత్రీపగలూ ఉతుకుతాను, పారని వారం తొట్టిలో మిగిలిన దానితో గీసిగీసి వాడతాను. అలా ఏళ్ల తరబడి ఎలాగోలా నెట్టుకొచ్చాను.

ఆ ఏడు మాత్రం నెట్టుకురావడం నా వల్ల కాలేదు. వరసగా వానలు ముఖం చాటేశాయి. నది మధ్యలో ఇసుక తేలింది. మా వంతు వారంలో కూడా కాలువ నీళ్లు చీలమండ దాటలేదు. ఆస్పత్రివాళ్ల దుప్పట్లు వెనక్కి పంపేశాను. రేడియోలో పెద్దపెద్ద గొంతులు నీళ్ల గురించి మాట్లాడ్డం మొదలుపెట్టాయి. ఒకడు మా హక్కు అంటాడు, ఇంకొకడు చుక్క కూడా వదలం అంటాడు. వాళ్లలో ఒక్కడైనా బిందె మోసిన మొహం కాదు. తర్వాత బడి మైదానంలో పటాలం దిగింది. అవతలి ఒడ్డున కూడా గుడారాలు లేచాయి. మా పటాలం కుర్రాళ్లు మట్టి పట్టిన చొక్కాలు మూటలు కట్టి నా దుకాణంలో పడేశారు. వాళ్ల చొక్కాలు ఉతకడానికి నీళ్లు లేవు, వాళ్లు వచ్చింది ఆ నీళ్ల కోసమే. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మా వంతు వారం రేపటితో అయిపోతుందనగా నీళ్ల అధికారి మా దుకాణానికొచ్చాడు. ఆయన్ను నేను ఇస్త్రీ దొర అంటాను, ఎదురుగా కాదులెండి. చొక్కా మీద ఒక్క ముడత ఉన్నా వెనక్కి పంపే మనిషి. ఆ రోజు ఆయన చొక్కా నలిగిపోయి ఉంది. అది చూడగానే ఏదో కొంప మునిగిందని నాకు అర్థమైంది.

"అమ్మా, రేపు వంతు మార్చొద్దు. పైనుంచి మాట వచ్చింది" అన్నాడు అత్తతో.

అత్త గుండీలు కుడుతోంది. తలెత్తలేదు. "కాయితం ఇచ్చారా బాబూ?"

"ఫోన్లో చెప్పారు."

"మాట పైనుంచి వస్తుంది, మాట పడేది మాత్రం మనమా?"

పాపం, చెడ్డమనిషి కాదు. "చర్చలు తేలేదాకా తలుపు మన వైపే ఉండాలట. వాళ్లు గొడవ చేస్తే చూసుకోడానికి పటాలం ఉంది" అన్నాడు.

"చూసుకోవడమంటే ఏంటి?"

ఆయన చెయ్యి చాపి, "తాళంచెవి ఇలా ఇవ్వండమ్మా" అన్నాడు.

అత్త ఒంటికాలి మీద లేస్తుందని నేను కాచుక్కూర్చున్నాను. ఆమె సూది గుచ్చి పక్కన పెట్టి, కోటు జేబులోంచి తాళంచెవి తీసి, గుడ్డతో తుడిచి మరీ ఆయన చేతిలో పెట్టింది. "పోగొట్టకు బాబూ. రేపు వచ్చేటప్పుడు తీసుకురా" అంది. తీసుకురావడమేంటని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు.

నిజం చెబుతున్నా, నాకు ఆ సాయంత్రం పండగలా ఉంది. తొట్టి నిండుతుంది, మిషన్లు తిరుగుతాయి, దుప్పట్లు మళ్లీ వస్తాయి. అవతలి ఒడ్డు నాకు కనపడనే లేదు. భోజనాల దగ్గర అత్తతో, "మంచి పని చేశారు అత్తయ్యా. ఈసారికైనా ఇంటి సంగతి చూశారు" అన్నాను.

"అక్కడా ఒక కోడలుంటుంది. ఆమెకీ తొట్టి ఉంటుంది" అంది.

"ఉంటే ఉండనివ్వండి! వాళ్ల గోల మనకెందుకు? ఈ ఇంట్లో తినేది ఎవరు, అవతలివాళ్లా?"

"నీళ్లు తక్కువైతే నువ్వు తిట్టుకుంటావు, నేను వింటాను. వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా తుపాకులున్నాయమ్మాయ్. వాళ్లు తిట్టుకోరు." అంతే అంది, కంచం తీసేసింది.

తెల్లారి చూద్దును కదా, కోటు వేసుకుని ఫ్లాస్కులో టీ పోస్తోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "చేతిలో తాళంచెవి లేదు, ఇంక అక్కడికెందుకు? తల కొట్టుకోడానికా?" అని అరిచాను. "వంతు కదా" అంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టింది. ఈ ముసలామె అక్కడికి పోయి ఏ తూటాకు అడ్డంగా నిలబడుతుందోనని భయమేసింది. దుకాణానికి తాళం వేసి, తిట్టుకుంటూ వెంటపడ్డాను.

ఆనకట్ట మొదట్లో ఊరు ఊరంతా ఉంది. పటాలం వరసగా నిలబడింది. అధికారి చక్రానికి ఇవతల, చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. అవతలి వైపు కూడా ఇదే వరస, ఇవే తుపాకులు. ఆ వరసలోంచి కుంటుకుంటూ పెద్దాయన వచ్చాడు. "చెల్లమ్మా, వచ్చావా?" అన్నాడు, ఏమీ జరగనట్టు. "రాక ఎక్కడికి పోతాను అన్నయ్యా" అంది అత్త.

ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. నేరుగా నీలం తాళం దగ్గరికి వెళ్లాడు. మా తాళం అది! అందులో తాళంచెవి పెట్టి తిప్పాడు. టక్కుమని తెరుచుకుంది.

ఆ వెంటనే, మన తాళంచెవి వాళ్ల చేతిలో ఉందిరోయ్ అంటూ వెనకనుంచి కేక. భుజాల మీది తుపాకులు చేతుల్లోకొచ్చాయి. అటు కూడా వచ్చాయి. అధికారి జేబులోంచి తాళంచెవి తీసి దాన్నీ, చక్రాన్నీ మార్చి మార్చి చూశాడు.

"నీ దగ్గరున్నది ఎర్ర తాళానిది బాబూ" అంది అత్త, అందరికీ వినిపించేలా. నేను ఆమె గొంతు అంత పెద్దగా వినడం అదే మొదటిసారి. "మా అబ్బాయి చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు ఒక వానలో తాళంచెవులు గోడ మీద పెట్టి టీ తాగాం. లేచేటప్పుడు ఒకరిది ఇంకొకరం జేబులో వేసుకుని పోయాం. వారం దాకా ఇద్దరికీ తెలియలేదు. తెలిసాక మార్చుకుందామంటే ఈయన వద్దన్నాడు."

"ఎందుకు వద్దన్నారు?" అధికారి పెద్దాయన్ను అడిగాడు.

"నాది నా జేబులో ఉంటే నా ఇష్టం అనిపించేది నాయనా. మా ఊరివాళ్లు మీద పడ్డప్పుడల్లా చెయ్యి దురద పెట్టేది. చెల్లమ్మది నా జేబులో ఉంటే, అమ్మో పోగొట్టకూడదు, జాగ్రత్తగా తిరిగి తేవాలి అనిపిస్తుంది. అంతే తేడా" అన్నాడాయన.

అత్త అధికారి దగ్గరికి నడిచింది. "మన తాళంచెవి ఈయన దగ్గరుంది. వాళ్ల తాళం వాళ్లే కోసుకుంటే అడిగేవాళ్లు లేరు. ఇన్నేళ్లలో ఏ రోజైనా తలుపు తిప్పేసుకోవచ్చు. తిప్పారా? నేనూ అంతే, తిప్పానా? ఇప్పుడు మనది వాళ్లు తీశారు. వాళ్ల తాళంచెవి నీ జేబులో ఉంది. నువ్వు తియ్యకపోతే వచ్చే వంతుకి మన తాళం తియ్యడానికి ఎవరొస్తారు? నువ్వే చెప్పు."

అధికారి ప్యాంటు జేబులో ఫోను మోగుతోంది. మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. వెళ్లి ఎర్ర తాళంలో తాళంచెవి పెట్టాడు. అది ఒకసారి జారింది. రెండోసారి తిరిగింది. అత్తా పెద్దాయనా చక్రానికి చెరో పక్కా పట్టారు. తలుపు కిర్రుమంటూ జరిగింది, మా కాలువ నా కళ్లముందే సన్నబడింది. తాళాలు నొక్కేశారు. ఎర్ర తాళంచెవి అధికారి మళ్లీ తన చొక్కా జేబులోనే వేసుకున్నాడు. టీ తాగడానికి మాత్రం ఎవరూ ఇద్దర్నీ ఆగనివ్వలేదు.

తర్వాతి వారం నా శత్రువుకు కూడా వద్దు. మా గుమ్మం ముందు నిలబడి అనరాని మాటలన్నారు. దేశాన్ని అమ్మేసిందన్నారు. ఉతకడానికిచ్చిన బట్టలు ఉతక్కుండానే పట్టుకుపోయారు. ఎదురింటి మంగలి అయితే మా అత్తను చూసి ఉమ్మేశాడు. నేనూరుకున్నానా? ఇస్త్రీ పెట్టె చేతిలో పట్టుకునే వీధిలోకి దిగాను. మా అత్తను ఇంట్లో నేను తిట్టుకుంటాను, అది నా హక్కు. బయటివాడెవడు తిట్టడానికి? మంగలి కత్తులు సర్దుకుని లోపలికి పోయాడు.

ఇంట్లోకి వచ్చి మళ్లీ నేనే మొదలుపెట్టాను. "రేపు వాళ్లు రాకపోతే? అక్కడా ఆయన ఇంటికి అధికారులు వెళ్లారట. తాళంచెవి లాక్కుని ఉంటే? ఊరు మన చర్మం ఒలుస్తుంది, తెలుసా మీకు?"

"వస్తాడు" అంది అత్త. తొట్టి అడుగున మిగిలిన నీళ్లలో తన కోటు ఒక్కటీ ఉతికి ఆరేసింది. అంత ధీమా ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు అర్థం కాలేదు. ఒళ్లు మండిపోయింది.

మా వంతు వచ్చిన పొద్దున మళ్లీ అందరం ఆనకట్ట మీదే ఉన్నాం. ఈసారి జనం ఇంకా ఎక్కువ, మాటలు తక్కువ. అత్త గోడ మీద కూర్చుని ఫ్లాస్కు పక్కన పెట్టుకుంది. ఎండ ఎక్కింది. అవతలి దారి ఖాళీగా ఉంది. పెద్దాయన రాలేదు. ఇనుప కడ్డీలు చేత్తో పట్టుకోలేనంత కాలిపోతున్నాయి, అయినా ఆయన రాలేదు. జనంలో గుసగుసలు, ఆ తర్వాత తిట్లు మొదలయ్యాయి. పటాలం పెద్ద ముందుకొచ్చాడు. వెనక ఇద్దరు కుర్రాళ్లు గొలుసులు కోసే పెద్ద కత్తెర మోసుకొచ్చారు.

"ఇంకా ఎవరి కోసం? నీలం తాళం మనదే. మనది మనం కోసుకుంటే ఎవడడుగుతాడు? ఎర్రదానికి తాళంచెవి ఉందిగా. కొయ్యండి" అన్నాడు.

ఆయన మాటలో తప్పు లేదు. సరిగ్గా అదే లెక్క వారం రోజులుగా నా బుర్రలోనూ తిరిగింది. కోసేస్తే మధ్యాహ్నానికి నా తొట్టి నిండుతుంది. అత్త వైపు చూశాను. ఆమె లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అవతలి ఒడ్డుకేసి చూస్తోంది. ఆ చేతులు వణుకుతున్నాయి. వస్తాడు వస్తాడు అని నాతో అంత ధీమాగా చెప్పిన మనిషి చేతులు!

నాకేమైందో ఇప్పటికీ చెప్పలేను. వెళ్లి కత్తెరకూ తాళానికీ మధ్య నిలబడ్డాను. "మీ చొక్కాలు నా దగ్గర మూటలు మూటలు పడున్నాయి" అన్నాను ఆ కుర్రాళ్లతో. "వాటి కోసమైనా మీకంటే నాకే నీళ్లు కావాలి. నేనే ఆగుతున్నాను, మీకేం తొందర? ఇది మా అత్త వేసిన తాళం. దీన్ని కొయ్యాలంటే ముందు నన్ను దాటండి."

"పక్కకు జరగమ్మా" అన్నాడు పటాలం పెద్ద.

"జరగను. ఏం చేస్తారో చెయ్యండి."

అధికారి కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు, నలిగిన చొక్కాతోనే. అప్పుడు అత్త ఒక్కసారిగా లేచింది. "అదుగో" అంది.

అవతలి దారి మీద నలుగురు సిపాయిలు, వాళ్ల భుజాల మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో పెద్దాయన. కాలికి కట్టు. కుర్చీ అటూ ఇటూ ఊగిపోతోంది, ఆయన ఒక చేత్తో కుర్చీనీ, ఇంకో చేత్తో చొక్కా జేబునీ పట్టుకున్నాడు. తుపాకులు వీపులకు వేలాడేసుకుని ఆ కుర్రాళ్లు చెమటలు కక్కుతున్నారు. మా వైపు ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు అటు కూడా పాకింది.

"మెట్ల మీద జారాను చెల్లమ్మా. వీళ్లకి మొయ్యడం రాదు, మధ్యలో రెండుసార్లు దింపేశారు" అన్నాడు కుర్చీలోంచే. ఆ వెంటనే కత్తెరను చూశాడు, దాని ముందున్న నన్ను చూశాడు. "నీ కోడలేనా? నోరు పెద్దదన్నావు గానీ గుండె సంగతి చెప్పలేదే."

ఆయన నీలం తాళం తీశాడు, అధికారి ఎర్రది తీశాడు. పెద్దాయన లేవలేడు గనక చక్రానికి అటు పక్క వాళ్ల సిపాయి పట్టాడు, ఇటు పక్క అత్తతో కలిసి నేను పట్టాను. అబ్బ, ఎంత బరువు! ఇన్నేళ్లూ ఈ ముసలామె దీన్నెలా తిప్పిందో. తలుపు జరిగింది. కింద నీళ్లు దారి మార్చుకుని మా కాలువలోకి దూకాయి. ఆ చప్పుడుకు నాకు ఏడుపు ముంచుకొచ్చింది, అందరి ముందూ భోరుమని ఏడ్చేశాను. సిగ్గుపడలేదు.

తాళాలు నొక్కాక పెద్దాయన మా తాళంచెవిని అధికారి ముందుకు చాపాడు. "అందరికీ తెలిసిపోయిందిగా నాయనా. మీది మీరు తీసుకుంటారా?"

అధికారి దాన్ని చూశాడు. ఫోను మళ్లీ మోగుతోంది. "మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు. తన చొక్కా జేబులోంచి ఎర్ర తాళంచెవి తీసి, చేతి రుమాలుతో తుడిచి అత్తకివ్వబోయాడు. అత్త తీసుకోలేదు. నా వైపు చూపించింది.

"దానికివ్వు బాబూ. నా చేతులు వణుకుతున్నాయి" అంది.

అప్పటినుంచీ అది నా దగ్గరే ఉంది. అత్త పోయి చాలాకాలమైంది, ఆ కోటు ఇప్పుడు నేనే వేసుకుంటున్నాను. పెద్దాయన కూడా పోయాడు, మా తాళంచెవి ఇప్పుడు ఆయన కోడలి దగ్గరుంది. ఆమె నోరు నాకంటే పెద్దది.